ప్రభువు గోడ మీది బొమ్మ, చిత్రకారుడితో స్నేహం: 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో కళాసేకరణ ఎలా నడిచింది

లండన్‌లోని నేషనల్ గ్యాలరీకి 2024లో 200 ఏళ్లు నిండాయి. దాని పుట్టుక గురించి చదవబోతే మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. 1824లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు పెట్టి 38 చిత్రాలు కొని ఆ గ్యాలరీని పెట్టిందని ఒకచోట ఉంటుంది. సర్ జార్జ్ బోమాంట్ అనే పెద్దమనిషి తన చిత్రాలు ఇస్తానని ముందుకు రావడం వల్లే అది పుట్టిందని ఇంకోచోట ఉంటుంది. రెండూ నిజమే. ఆ రెండింటినీ కలిపి చదివితే, ఆ రోజుల్లో కళాసేకరణ అనే పని డబ్బుతో ఎంత నడిచిందో, పరిచయాలతో, స్నేహాలతో కూడా అంతే నడిచిందని అర్థమవుతుంది.

ఆ స్నేహాలను ఏమనాలి? ఒకరికి వేల ఎకరాల భూమి ఉంది. ఇంకొకరికి కుంచె తప్ప ఆస్తి లేదు. అలాంటి ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమా, లేక మర్యాదగా మాట్లాడుకునే యజమాని, పనివాడి సంబంధమా? కళాచరిత్రకారులు ఇప్పటికీ దీని మీద ఒక మాట మీద లేరు.

ముందు నాలుగు మాటలు

సేకర్త అంటే బొమ్మలు కొని పోగుచేసేవాడు. వాటిని గీసినవాడు చనిపోయి 200 ఏళ్లయినా ఆయనకు ఇబ్బంది లేదు. పోషకుడు అంటే బతికున్న కళాకారుడికి పని చెప్పేవాడు, డబ్బిచ్చేవాడు, ఒక్కోసారి ఇంట్లో చోటిచ్చేవాడు. రసజ్ఞుడు అంటే ఏది మంచి బొమ్మో తేల్చి చెప్పగలడని నలుగురూ నమ్మే మనిషి. ఒకే వ్యక్తి ఈ మూడూ కావచ్చు. కానీ మూడూ ఒకటి కావు, చాలా గొడవలు అక్కడే మొదలయ్యాయి.

నాలుగో మాట 'ఓల్డ్ మాస్టర్స్'. రాఫెల్, టిషియన్, రూబెన్స్, రెంబ్రాంట్, క్లాడ్ లాంటి గత శతాబ్దాల యూరప్ చిత్రకారులను కలిపి ఇలా అంటారు. ఇంగ్లిష్ ప్రభువుల గోడల మీద మొదటి చోటు వాళ్లదే.

ఇంకో రెండు మాటలు కూడా కావాలి: బోమాంట్ ఒక బారోనెట్, గిన్నీ అనే మాట ముందు ముందు వస్తుంది. బారోనెట్ అంటే వంశపారంపర్యంగా 'సర్' బిరుదు ఉన్నవాడు. అయితే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునే ప్రభువు కాదు, ఒక మెట్టు కింద. గిన్నీ అంటే 21 షిల్లింగులు, అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ. చిత్రకారుల ఫీజులు గిన్నీల్లోనే చెప్పేవారు.

అన్ని బొమ్మలు ఒక్కసారిగా ఇంగ్లండ్‌కు ఎలా వచ్చాయి

ఫ్రెంచి విప్లవం రాకపోతే ఈ కథ లేదు. ఫ్రాన్స్‌లో ఓర్లియాన్ డ్యూకుల కుటుంబం తరతరాలుగా కూడబెట్టిన చిత్రాలు విప్లవకాలంలో అమ్మకానికి వచ్చాయి. వాటిలోని ఇటాలియన్, ఫ్రెంచి భాగాన్ని 1798లో ముగ్గురు ఇంగ్లిష్ ప్రభువులు కలిసి ఒక డీలర్ ద్వారా సుమారు 43 వేల పౌండ్లకు కొన్నారు. కాలువలు తవ్వించి, బొగ్గు రవాణాతో సంపాదించిన బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ ఒకరు. ఆయన మేనల్లుడు గవర్ ప్రభువు రెండో మనిషి. మూడో ఆయన కార్లైల్ ప్రభువు, వీళ్లకు బంధువే.

వాళ్లు చేసిన పని చూడండి. 94 చిత్రాలు తమకు ఉంచుకున్నారు. మొత్తాన్నీ లండన్‌లో టికెట్ పెట్టి ప్రదర్శించి, మిగిలినవి అమ్మేశారు. టికెట్ల డబ్బూ అమ్మకాల డబ్బూ కలిపితే పెట్టుబడి దాదాపు తిరిగి వచ్చేసింది. టిషియన్ చిత్రాలతో సహా ఆ 94 చాలా చవగ్గా దక్కాయన్నమాట. ఇద్దరు ముగ్గురు బంధువులు ఒకరినొకరు నమ్మి ఉమ్మడిగా బేరం చేయగలిగారు కాబట్టే ఇది కుదిరింది. కళాసేకరణలో స్నేహం, బంధుత్వం అంటే అందమైన సాయంత్రాల సంగతి ఒక్కటే కాదు, పెట్టుబడి కూడా.

ఆ కొనుగోలు ఎంత దూరం పోయిందంటే, బ్రిడ్జ్‌వాటర్ వాటాలోని టిషియన్ చిత్రం 'డయానా అండ్ ఆక్టియన్'ను ఆయన వారసుల నుంచి ప్రజల కోసం కొనడానికి 2009లో 5 కోట్ల పౌండ్లు పెట్టాల్సి వచ్చింది. అప్పటి ప్రదర్శనలో సెబాస్టియానో గీసిన 'లాజరస్ పునరుత్థానం' అనే పెద్ద చిత్రాన్ని ఆంగర్‌స్టైన్ అనే ధనికుడు కొన్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. ప్రభుత్వం 1824లో కొన్న 38 చిత్రాలు ఆయనవే. ఆ లాజరస్ చిత్రానికే నేషనల్ గ్యాలరీ జాబితాలో 1వ నంబరు ఇచ్చారు.

బగ్గీలో వెంట వచ్చే బొమ్మ

సర్ జార్జ్ బోమాంట్ 1753లో పుట్టాడు. లెస్టర్‌షైర్‌లోని కోలార్టన్ ఆయన ఎస్టేట్, అక్కడి నేల కింద బొగ్గు గనులు. ఆ కాలపు మహా ధనవంతుల్లో ఆయన ఒకడేం కాదు. డ్యూకుల లెక్కలో చిన్నవాడే. కానీ స్వయంగా బొమ్మలు గీసేవాడు, చిత్రాలంటే ప్రాణం. క్లాడ్ గీసిన 'హాగర్, దేవదూత' అనే చిత్రం ఆయన దగ్గర ఉండేది. సుమారు 52 సెంటీమీటర్ల ఎత్తు, 42 వెడల్పు, అంతే. ప్రయాణం చేసేటప్పుడు దాన్ని బగ్గీలో తనతో పాటే తీసుకెళ్లేవాడు.

ఆయన తల్లి డెడమ్ అనే ఊళ్లో ఉండేది. దగ్గర్లోని ఒక మిల్లు యజమాని కొడుకు, 19 ఏళ్ల కుర్రాడు, 1795 ప్రాంతంలో అక్కడికి వచ్చి ఆ చిన్న చిత్రాన్ని చూశాడు. అతనే తర్వాత ప్రకృతి దృశ్యాల చిత్రకారుడైన జాన్ కాన్‌స్టబుల్. అప్పట్లో మామూలు కుర్రాళ్లు చూడటానికి ఇంగ్లండ్‌లో మ్యూజియం గ్యాలరీ అంటూ లేదు. మంచి చిత్రం చూడాలంటే దాన్ని కొన్నవాడి ఇంటికి వెళ్లాలి. వెళ్లాలంటే పరిచయం ఉండాలి. అంటే చిత్రకారుడికి ప్రభువు స్నేహం చేతి ఖర్చులకు మాత్రమే కాదు, చదువుకు కూడా దారి. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అసలైన మలుపు ఇదే, చాలామంది రెండు వాక్యాల్లో దాటేస్తారు.

అదే బోమాంట్ కవులకూ స్నేహితుడు. 1803లో కోల్‌రిడ్జ్ మాటల్లో వర్డ్స్‌వర్త్ గురించి విని, స్నేహితులిద్దరూ దగ్గర దగ్గరగా ఉండాలని ఆపిల్‌త్వెయిట్ అనే చోట కొంత భూమి కొని వర్డ్స్‌వర్త్‌కు బహుమతిగా రాసిచ్చాడు. అప్పటికి బోమాంట్‌కూ వర్డ్స్‌వర్త్‌కూ ముఖ పరిచయం కూడా సరిగా లేదు. వర్డ్స్‌వర్త్ కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ భూమిలో ఎప్పుడూ ఇల్లు కట్టలేదు. కానీ స్నేహం నిలిచింది. 1806–07 చలికాలంలో వర్డ్స్‌వర్త్ కుటుంబం కోలార్టన్ ఎస్టేట్‌లోని ఫామ్‌హౌస్‌లో ఉంది. అక్కడి శీతాకాలపు తోట ఎలా ఉండాలో ఆ కవే ఆలోచించి పెట్టాడు. 1815లో వచ్చిన తన కవితల సంపుటిని బోమాంట్‌కు అంకితమిచ్చాడు. మన మాటల్లో చెప్పాలంటే బోమాంట్ కృతిభర్త అయ్యాడు.

గడ్డి మీద ఫిడేలు

కాన్‌స్టబుల్‌కూ బోమాంట్‌కూ కళ గురించి అస్సలు పడేది కాదు. ప్రకృతి దృశ్యం గీస్తే పాత ఫిడేలు కర్రలా వెచ్చని గోధుమరంగు ఛాయ ఉండాలని బోమాంట్ నమ్మకం. దానికి కాన్‌స్టబుల్ ఒక పాత ఫిడేలు తెచ్చి ఇంటి ముందు పచ్చగడ్డి మీద పెట్టి చూపించాడట. ఇంకోసారి, నీ బొమ్మలో గోధుమరంగు చెట్టు ఎక్కడ పెట్టాలన్నది నీకు కష్టంగా అనిపించదా అని బోమాంట్ అడిగితే, అసలు అలాంటిది నేను పెట్టనే పెట్టను అన్నాడట. ఈ ముచ్చట్లు కాన్‌స్టబుల్ స్నేహితుడొకరు రాసిన జీవితచరిత్ర ద్వారా మనకు తెలిశాయి.

ఇందులో ఒక సాంకేతిక విషయం ఉంది. పాత తైలవర్ణ చిత్రాల మీద పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి ఓల్డ్ మాస్టర్స్‌లో సేకర్తలు మెచ్చుకున్న బంగారు ఛాయలో కొంత చిత్రకారుడిది, కొంత కాలానిది. ఆ రంగునే ప్రమాణంగా పెట్టుకున్నవాళ్లకు కాన్‌స్టబుల్ పచ్చదనం పచ్చిగా కనిపించింది. ఆ కాలపు మరో చిత్రకారుడు టర్నర్ బొమ్మల్లోని వెలుగైతే ఇంకా ఎబ్బెట్టుగా తోచింది. టర్నర్‌నీ, ఆ దారిలో నడిచిన కాల్కాట్ లాంటివాళ్లనూ బోమాంట్ 'తెల్ల చిత్రకారులు' అని పేరుపెట్టి విమర్శించేవాడు. రసజ్ఞుడిగా పేరున్న మనిషి విందుల్లో అలా అంటే కొనేవాళ్లు వెనకాడతారు. అది చిత్రకారుడి తిండి మీద దెబ్బ.

ఒక చిన్న లెక్క

సేకర్త, పోషకుడు ఎందుకు వేరో ఈ లెక్కలో తేలుతుంది. ఆంగర్‌స్టైన్ 38 చిత్రాలకు ప్రభుత్వం ఇచ్చినది 57,000 పౌండ్లు. భాగిస్తే చిత్రానికి సగటున 1,500 పౌండ్లు. అందులో చాలా భాగం ఓల్డ్ మాస్టర్స్.

బోమాంట్ 1806లో యువ చిత్రకారుడు డేవిడ్ విల్కీ చేత 'గుడ్డి ఫిడేలువాడు' గీయించుకుని 50 గిన్నీలు ఇచ్చాడు. అంటే 52 పౌండ్ల 10 షిల్లింగులు. ఆ సగటు చిత్రం ఒక్కదాని ధరతో ఇలాంటివి 28 గీయించుకోవచ్చు. ఏళ్ల తేడా, ధరల తేడా తీసేసినా అంతరం మిగులుతుంది. విల్కీని చిన్నచూపు చూసి ఇచ్చిన డబ్బు కాదది, అప్పుడే పైకి వస్తున్న కుర్రాడికి అది గౌరవమైన మొత్తమే. బోమాంట్ అతనికి పాతతరం ఇంగ్లిష్ చిత్రకారుడు హోగార్త్ వాడిన చేతికర్రను కూడా బహుమతిగా ఇచ్చాడు, గీసేటప్పుడు చేయి వణక్కుండా ఆనించుకునే కర్ర అది. కానీ సేకర్తల డబ్బు ప్రధానంగా చనిపోయినవాళ్ల బొమ్మల వైపే పోయేది. బతికున్నవాళ్లకు ఆప్యాయత, ఆతిథ్యం, సలహా ఎక్కువ దొరికేవి, డబ్బు తక్కువ.

పెట్‌వర్త్‌లో తాళం వేసిన గది

ఎగ్రిమాంట్ మూడో ప్రభువు పద్ధతి వేరు. ససెక్స్‌లోని పెట్‌వర్త్ భవనం ఆయనది. బతికున్న ఇంగ్లిష్ కళాకారులనే ఎక్కువగా పోషించాడు. టర్నర్ చిత్రాన్ని 1802లో మొదటిసారి కొన్నాడు. ఇప్పటికీ పెట్‌వర్త్‌లో టర్నర్ తైలవర్ణ చిత్రాలు 20 ఉన్నాయి. మధ్యలో చాలా ఏళ్లు ఇద్దరికీ ఎడం వచ్చింది. 1827 నుంచి ప్రభువు చనిపోయేవరకు టర్నర్ మళ్లీ అక్కడికి వస్తూపోతూ ఉన్నాడు.

పాత లైబ్రరీ గదిని టర్నర్ స్టూడియోగా వాడుకునేవాడు. ఆయన పనిచేస్తుంటే ఎవరూ లోపలికి రాకూడదు. ఇంటి యజమానికి మాత్రం అనుమతి, అదీ తలుపు తట్టాకే. శిల్పి చాంట్రీ ఒకసారి ప్రభువులాగే అడుగులు వేసి, ఆయనలాగే తలుపు తట్టి లోపలికి వెళ్లిపోయాడని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. తన ఇంట్లో తన గది తలుపును తానే తట్టి లోపలికి వెళ్లే ప్రభువును ఒక్కసారి ఊహించుకోండి. ఆ కాలపు అంతస్తుల తేడా తెలిసినవాళ్లకు అది చిన్న విషయంగా అనిపించదు.

పెట్‌వర్త్ గదులను, అక్కడి మనుషులను టర్నర్ నీలి కాగితాల మీద వందకు పైగా చిన్న చిత్రాల్లో గీసుకున్నాడు. అమ్మకానికి కాదు, తన దగ్గరే ఉంచుకున్నాడు. 1837 నవంబరులో ఎగ్రిమాంట్ చనిపోతే, అంతిమయాత్రలో కళాకారుల గుంపుతో కలిసి టర్నర్ నడిచాడు.

అది స్నేహమేనా? రెండు వాదనలు

ఒక వాదన ఇలా సాగుతుంది. ఇదంతా అధికారమే, మాటలు మాత్రం మెత్తన. ఎవరిని భోజనానికి పిలవాలో, ఏ రంగు మంచిదో, ఎవరి బొమ్మ గోడకెక్కాలో ప్రభువే తేల్చాడు. చిత్రకారుడు బెంజమిన్ హేడన్ సంగతే ఉదాహరణ. బోమాంట్ ఆయనకు 'మాక్‌బెత్' చిత్రం గీసే పని ఇచ్చాడు. హేడన్ చెప్పిన కొలత కన్నా పెద్దగా గీశాడు. బోమాంట్ వద్దన్నాడు, ఇద్దరి మధ్య చాలాకాలం గొడవ నడిచింది. అప్పుల్లో కూరుకుపోయే చిత్రకారుడికీ, మనసు మార్చుకోగల ధనికుడికీ మధ్య తగాదా సమానుల తగాదా కాదు. పైగా ఆ డబ్బు ఎక్కడిది? భూమి కౌళ్లు, గనుల్లో కూలీల శ్రమ. ఆంగర్‌స్టైన్ విషయానికి వస్తే, ఓడల బీమాలో సంపాదించిన ఆయనకు బానిసల శ్రమతో నడిచిన వెస్టిండీస్ ఎస్టేట్‌లతోనూ సంబంధం ఉంది. నేషనల్ గ్యాలరీయే ఇప్పుడు ఆ చరిత్రను తవ్వి బయటపెడుతోంది.

రెండో వాదన ఇది. చిత్రకారుల ఉత్తరాలు చదివితే ముఖస్తుతి ఒక్కటే కనిపించదు. 1823 శరదృతువులో కాన్‌స్టబుల్ కోలార్టన్‌లో వారాల తరబడి ఉండిపోయాడు. పగలు క్లాడ్ చిత్రాలకు నకళ్లు గీస్తూ, సాయంత్రాలు గృహస్థులతో గడుపుతూ ఉంటే, ఇంటి దగ్గర పిల్లలతో ఉన్న భార్య మరియా ఇంకా ఎప్పుడు వస్తావని ఉత్తరాల్లో నిష్ఠూరమాడింది. అంత అభిప్రాయభేదం ఉండి కూడా ఆయన అక్కడి నుంచి కదల్లేకపోయాడు. ఎగ్రిమాంట్ శవపేటిక వెంట నడిచినప్పుడు టర్నర్‌కు కొత్తగా వచ్చే లాభమేమీ లేదు.

నాకైతే రెండు వాదనలూ ఒకే సంఘటనలోనే కనిపిస్తాయి. ఎవరు ఎంత ప్రేమగా మాట్లాడారన్నది కాదు, బలహీనుడు కాదనగలిగాడా అన్నది చూడాలి. కాన్‌స్టబుల్ కాదన్నాడు, అయినా ఇంటి తలుపు మూసుకోలేదు. వర్డ్స్‌వర్త్ భూమి తీసుకుని ఇల్లు కట్టలేదు, అయినా స్నేహం చెడలేదు. హేడన్ కాదంటే చెడింది. ఒకే బోమాంట్, ముగ్గురితో మూడు రకాలు. కాబట్టి 'ప్రభువుల స్నేహం' అని అందరికీ కలిపి ఒకే తీర్పు చెప్పడం కష్టం.

ఇంటి గోడ నుంచి ప్రజల గోడకు

ఆంగర్‌స్టైన్ 1823లో చనిపోయాడు. ఆయన చిత్రాలు విదేశాలకు పోతాయన్న భయం పట్టుకుంది. వాటిని ప్రభుత్వం కొని, సరైన భవనంలో పెడితే తన చిత్రాలు దేశానికి ఇస్తానని బోమాంట్ మాటిచ్చాడు. సరిగ్గా ఆ సమయంలో, యుద్ధకాలంలో ఇచ్చిన అప్పు ఆస్ట్రియా కొంత తిరిగి కట్టడంతో ఖజానాకు వెసులుబాటు దొరికింది. 1824 మే 10న పాల్‌మాల్ వీధిలో 100వ నంబరు ఇంట్లో, అంటే ఆంగర్‌స్టైన్ సొంత ఇంట్లోనే, నేషనల్ గ్యాలరీ తెరుచుకుంది. బోమాంట్ ఇచ్చిన 16 చిత్రాలు 1826లో అక్కడికి చేరాయి.

వాటిలో హాగర్ కూడా ఉంది. ఇచ్చాక ఆయన ఉండలేకపోయాడు. బతికున్నంతకాలం నా దగ్గరే ఉంచుకోనివ్వండి అని అడిగి వెనక్కి తెచ్చుకున్నాడు. 1827 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాకే అది గ్యాలరీకి తిరిగి వెళ్లింది. రోమ్‌లో ఆయన కొన్న మైకెలాంజెలో పాలరాతి శిల్పం, గుండ్రని చట్రంలో తల్లీ పిల్లలూ ఉన్నది, లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీకి దక్కింది. భార్య మార్గరెట్ పేరు ఇలాంటి కథల్లో వెనక్కి పోతుంది. కానీ నేషనల్ గ్యాలరీలోని రూబెన్స్ గీసిన 'హెట్ స్టీన్' దృశ్యాన్ని భర్తకు బహుమతిగా కొనిచ్చింది ఆవిడే.

హైదరాబాద్‌కు వచ్చిన ఒక దారం

ఓర్లియాన్ చిత్రాలు కొన్న ముగ్గురిలో ఒకరైన గవర్ తర్వాత సదర్లండ్ మొదటి డ్యూక్ అయ్యాడు. ఆయన మనవడు, మూడో డ్యూక్, 1875–76లో వేల్స్ యువరాజుతో కలిసి ఇండియా పర్యటనకు వచ్చాడు. నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇంగ్లండ్ వెళ్లింది ఆ డ్యూక్ అతిథిగానే. వెళ్లిన అసలు పని బేరార్. 1853లో కంపెనీ చేతిలోకి పోయిన ఆ ప్రాంతాన్ని నిజాంకు తిరిగి ఇప్పించాలని ఆయన ఆశ. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ ఇచ్చింది, లండన్ నగరం సత్కరించింది. బేరార్ మాత్రం రాలేదు. అక్కడా అదే ప్రశ్న ఎదురవుతుంది: పిలిచి గౌరవించినవాడు అడిగింది ఇస్తాడా?

ఆ ప్రయాణంలోనే రోమ్‌లో బెంజోని చెక్కిన 'మేలిముసుగు రెబెక్కా'ను ఆయన కొన్నాడు. ఇక్కడ పద్ధతి బోమాంట్‌ది కాదు. ఆ శిల్పాన్ని బెంజోని ఒకటి కన్నా ఎక్కువ ప్రతుల్లో చేశాడు, యాత్రకు వచ్చిన సంపన్నులు కొనుక్కెళ్లేవారు. శిల్పితో ఏళ్ల తరబడి కూర్చుని వాదించే అవసరం లేదు. అప్పటికే యూరప్‌లో కళ చాలా వరకు స్టూడియోల్లో, దుకాణాల్లో దొరికే వస్తువైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మనం చూసే సేకరణలో ఎక్కువ భాగం ఆ తర్వాత మూడో సాలార్‌జంగ్ కూడబెట్టింది. అది 1951లో ప్రజల కోసం తెరుచుకుంది.

చివరి చిత్రంలో చెట్ల రంగు

కోలార్టన్ తోటలో చిత్రకారుడు రేనాల్డ్స్ పేర బోమాంట్ ఒక స్మారకం కట్టించాడు. దాని మీద చెక్కిన పద్యం వర్డ్స్‌వర్త్‌ది. 1823 నవంబరులో కాన్‌స్టబుల్ దాన్ని పెన్సిల్‌తో గీసుకున్నాడు. బోమాంట్ పోయిన మరుసటి ఏడాది, 1828లో, కాన్‌స్టబుల్ గీసిన 'డెడమ్ లోయ'లో చెట్ల అమరిక అచ్చం బగ్గీలో తిరిగిన ఆ క్లాడ్ చిత్రంలో ఉన్నట్టే ఉంటుంది. ఇంకొన్నేళ్లకు ఆ పాత పెన్సిల్ బొమ్మను తీసి తైలవర్ణ చిత్రంగా మార్చి, 1836లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టాడు. సోమర్‌సెట్ హౌస్‌లో అకాడమీ జరిపిన చివరి ప్రదర్శన అది. అందులో రేనాల్డ్స్, బోమాంట్ పేర్లు ఉండాలని ఆయన కోరిక. మరుసటి మార్చిలో కాన్‌స్టబుల్ కూడా చనిపోయాడు.

ఆ చిత్రం ఇప్పుడు నేషనల్ గ్యాలరీలోనే ఉంది. ఆకులు రాలే కాలం, స్మారకం ముందు ఒక మగదుప్పి. జీవితమంతా పచ్చరంగు కోసం వాదించిన మనిషి ఆ చెట్లన్నింటికీ గోధుమరంగు వేశాడు.